తడి గోనెలో గిటారు

ముందుగా ఒక మాట సరిచేయాలి. ఎల్లారెడ్డిలో మా బావ గిటారును పాడుచేసింది మా అక్క అని మా చుట్టాలందరికీ తెలుసు. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఒకసారి మా నాయనమ్మ దినాల రోజున కూడా ఆ కథ చెప్పుకుని నవ్వారు. అది నిజం కాదు. పాడుచేసింది నేను. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని ఇరవై ఏళ్ళుగా నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అదీ నిజం కాదు. ఆ రోజు మా బావ అందరి ముందూ అడిగాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఏడాది నేను మళ్ళీ గిటారు నేర్చుకుంటున్నాను. కామారెడ్డిలో పన్నెండేళ్ళుగా లెక్కలు చెబుతున్న మాస్టరుకు, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఈ పని పడుతుందని ఎవరూ అనుకోలేదు. మా బడి వార్షికోత్సవంలో పిల్లల పాటకు గిటారు వాయించడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఒకప్పుడు ఎనిమిదో తరగతిలో నా విద్యార్థినే. ఇప్పుడు ఒక చిన్న బడిలో టీచరు, ఆదివారాలు చర్చిలో పాటలకు వాయిస్తుంది. మైకు సరిచేసుకోవడానికి వెళ్తూ "సార్, ఒక్క నిమిషం పట్టుకోండి" అని గిటారును నా ఒళ్ళో పెట్టింది. పట్టుకున్నాను. నేను చెప్పకుండానే నా ఎడమచేతి వేళ్ళు రెండూ రెండో మెట్టు దగ్గరికి వెళ్ళి పక్కపక్కన కూర్చున్నాయి. కుడిచేతి బొటనవేలు కిందికి జారింది. మొత్తం ఆరు తీగలూ ఒక్కసారిగా, ఒక్క తప్పూ లేకుండా పలికాయి. ఇ మైనర్ కార్డు, తీగలన్నీ కలిసి పలికే పట్టు! ముందు వరుసలో కూర్చున్న హెడ్మాస్టరు గారు వెనక్కి తిరిగి చూశారు. ఆ అమ్మాయి మైకు వదిలేసి వచ్చి, "అబ్బో! మీకొస్తదా సార్!" అంది. "వచ్చేది" అన్నాను.

మరుసటి శనివారం నుంచే ఆమె ఇంటి వరండాలో పాఠాలు మొదలయ్యాయి. లెక్క తప్పిందని ఒకప్పుడు ఆమెను నేను బెంచీ ఎక్కించాను. ఆ బాకీ ఆమె వడ్డీతో తీర్చుకుంటోంది. "ఇంటిపని జెయ్యలేదా సార్? సాకులొద్దు. మీరే చెప్పేటోళ్ళు గద, రోజు అరగంట కూసుంటే రానిదేముంటదని." చూపుడువేలును ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి నొక్కే కార్డు ఒకటుంది. దాని దగ్గర మూడు వారాలు ఆగిపోయాను. వేలు నొప్పి, మణికట్టు నొప్పి, చివరికి పళ్ళు కూడా నొప్పి, ఎందుకంటే నొక్కేటప్పుడు పళ్ళు కూడా బిగించేవాణ్ణట. నాలుగో వారం ఒక ఉదయం, బడికి వెళ్ళే తొందరలో, స్నానం చేసి తువ్వాలు మీదే గిటారు అందుకున్నాను. అది పలికేసింది! నేను వేసిన కేకకు మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిసి, "నలభై దగ్గర వడ్డయి, తువ్వాల మీద గీ షోకేంది?" అని వెనక్కి వెళ్ళింది. ఆ రోజు మూడు క్లాసుల్లో నేను ఎవరినీ తిట్టలేదని పిల్లలు కంగారుపడ్డారు. నా ఎడమచేతి వేళ్ళ కొసలు ఇప్పుడు ఎంత గట్టిపడ్డాయంటే, కాలే టీ గ్లాసును అంచు దగ్గర కాక నడుము దగ్గరే పట్టుకుని స్టాఫ్‌రూములో ప్రదర్శన ఇస్తున్నాను.

హైదరాబాదు నుంచి సొంత గిటారు తెప్పించుకున్న రోజు, దాన్ని మోసుకుని పాఠానికి వెళ్ళాను. మా పంతులమ్మ దాన్ని నలువైపులా తిప్పి చూసి, శ్రుతి చేసి, చివరికి పసిపిల్లను అప్పగించినట్టు అప్పగిస్తూ చెప్పింది: "ఎండకు పెట్టొద్దు సార్. తడి అసలే తగలనియ్యొద్దు. తడి తగిలితే బంక ఇడుస్తది, అన్ని అతుకులు ఊడుతయి."

"నాకు తెలుసు" అన్నాను. నా గొంతు ఎలా వినిపించిందో గానీ, ఆమె నవ్వు ఆపి, "ఎట్ల తెలుసు సార్?" అంది. ఆ రోజు పాఠం సరిగా సాగలేదు.

ఎట్లా తెలుసో చెప్పాలంటే డెబ్బైల చివరికి వెళ్ళాలి. ఇంటర్ పరీక్షలు రాసి ఎండాకాలం సెలవులకు ఎల్లారెడ్డిలో అక్క ఇంటికి వెళ్ళాను. మా బావ పశువుల దవాఖానాలో కాంపౌండరు. హైదరాబాదులో ఉన్నప్పుడు ఎవరి దగ్గరో నేర్చుకుని, ఒక గిటారు కొనుక్కుని వచ్చాడు. ఎల్లారెడ్డిలో మరొకరి దగ్గర గిటారు ఉన్నట్టు నేను వినలేదు. వాడకట్టులో దాన్ని 'పెద్ద సితారు' అనేవాళ్ళు. సాయంత్రం బావ అరుగు మీద స్టూలు వేసుకుని కూర్చుంటే, చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టుకుంటూ వచ్చి కూర్చునేవాళ్ళు. చేతులు ఆగేవి కావు. పాట అయిపోగానే "ఇంకోటి కొట్టు కాంపౌండర్ సాబ్, కట్ట పూర్తయితది" అనేవాళ్ళు. పని మెల్లగా సాగాలంటే మెల్లని పాట, చుట్టినవి బీడీ కార్ఖానాకు అప్పజెప్పే రోజైతే జోరు పాట. నాకు మొదటి మూడు కార్డులు నేర్పింది ఆయనే. "ముందు చెవి, ఎనుక ఏలు, బామ్మర్దీ. ఇనరాకపోతే ఒత్తకు" అనేవాడు.

ఆ వేసవిలో బావకు నిజామాబాదులో నెల రోజుల శిక్షణ పడింది. వెళ్తూ గిటారును గోడకు తగిలించి, "నేనొచ్చేదాక ముట్టకు" అన్నాడు. మరునాడే ముట్టాను. అక్క "మీ బావకు తెలిస్తే నన్నంటడు రా" అని ఒకసారి అని, ఆ తర్వాత ఏ పాట కొట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పదిహేను రోజులు నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. మూడు కార్డులతో ఎన్ని పాటలు వస్తాయో లోకంలో మొదటిసారి కనిపెట్టినవాణ్ణి నేనే అనుకున్నాను.

తర్వాత ఎండ ముదిరింది. తీగలు గరగరమనసాగాయి. ఒకరోజు చూస్తే గిటారు పొట్ట మీద వెంట్రుకంత పగులు. కార్ఖానాకు బీడీలు ఇచ్చి రావడానికి అక్క అప్పుడే బయటికి వెళ్ళింది. ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. మాది కామారెడ్డిలో బీడీలు చుట్టే ఇల్లు. పుట్టినప్పటి నుంచీ నేను చూసింది ఒకటే: బీడీకి చుట్టే తునికాకు ఎండితే అప్పడంలా విరుగుతుంది, నీళ్ళలో తడిపి, తడి గోనెలో చుట్టి ఉంచితే, తెల్లారేసరికి మెత్తబడి, కత్తెర ఎటు తిప్పితే అటు వంగుతుంది. ఎండి పగిలేది ఏదైనా సరే, మా ఇంట్లో మందు తడి గోనె. ఆకు చెట్టుదే, చెక్కా చెట్టుదే. అంతకంటే ఆలోచించలేదు. అక్క ఆకుల మీద కప్పిన గోనెల్లో ఒకటి తీసి, ఇంకో చెంబు నీళ్ళు పోసి పిండి, గిటారును తల నుంచి కాళ్ళ దాకా చుట్టి, లోపలి గదిలో ఆకుల పక్కనే పడుకోబెట్టాను. చాలా శ్రద్ధగా చుట్టాను.

పొద్దున్నే గోనె కోసం వెతుక్కుంటూ వచ్చిన అక్క మొదట నవ్వింది. "అయ్యో, గిదేంది తమ్మీ! గిటారుకు బాలింత స్నానం జేపిచ్చినవా?" విప్పి చూశాక నవ్వలేదు. పొట్ట ఉబ్బింది. అంచుల దగ్గర బంక తెల్లగా తేలింది. ఇద్దరం పాత చీర ముక్కతో తుడిచి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ గోడకు తగిలించాం. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. వారం రోజులు దాన్ని దూరం నుంచే చూశాం.

బావ వచ్చిన సాయంత్రం అరుగు నిండింది. నెల రోజులుగా బావ పాట లేదు కదా, చాటలతో అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. ఆయన స్టూలు మీద కూర్చుని ఒక తీగ బిగించాడు, రెండోది బిగించాడు. మూడోది బిగిస్తుండగా తీగలను పట్టి ఉంచే కింది చెక్క ఫట్టున లేచి వచ్చేసింది. తీగలన్నీ ఆయన ఒళ్ళో కుప్పగా పడ్డాయి. బావ గిటారు నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"తునికాకు వాసనొస్తున్నది. ఎవలు జేసిన్రు గిది?"

నేను చెప్పబోయానని, అక్క నాకంటే ముందు మాట్లాడిందని చాలా ఏళ్ళు నమ్మాను. అది అబద్ధం. అక్క చాలాసేపు ఆగింది. చెప్పడానికి కావలసినంత సమయం నాకు ఇచ్చింది. నాకు ఆ క్షణంలో ఒకటే గుర్తుంది: పదో తేదీన బావ కామారెడ్డి వచ్చి, నన్ను బట్టల కొట్లో పనికి పెట్టకుండా డిగ్రీలో చేర్పించమని మా బాపుతో మాట్లాడతానన్నాడు. మా బాపు వినేది ఆయన మాట ఒక్కటే. నేను నోరు మూసుకున్నాను. అక్కకూ ఆ పదో తేదీ సంగతి తెలుసు.

"నేనే. ఎండకు పగుల్తదని తడి గోనె కప్పిన" అంది.

బావ ఆమెను చూశాడు, ఒళ్ళో ఉన్న చెక్కను చూశాడు, ఒక్కసారిగా నవ్వాడు. "ఓసి నీ తెలివి పాడుగాను, గిటారును గూడ ఆకనుకున్నవా!" అరుగంతా ఘొల్లుమంది. అంతమంది ముందు ఏడవలేక నవ్వాడని నాకిప్పుడు తెలుసు. ఆ తర్వాత ఆయన మళ్ళీ గిటారు కొనలేదు. నేనూ నేర్చుకోవడం మానేశాను. చదువు ఎక్కువైందని చెప్పాను. బావ అన్నట్టే పదో తేదీన వచ్చాడు, బాపుతో మాట్లాడాడు, నేను డిగ్రీలో చేరాను, మాస్టర్నయ్యాను. ఆ గోనె మాట మాత్రం ఇంటి ఆస్తిలా పెరుగుతూ పోయింది. పెళ్ళిలో సన్నాయి వాళ్ళు వస్తే "మా ఇంటామెను దూరం కూసోబెట్టుండ్రి, గోనె కప్పుతది" అనేవాడు బావ. అందరూ నవ్వేవాళ్ళు. అక్కా నవ్వేది. నా పెళ్ళి మూడో రోజున కొత్త పెళ్ళికూతురికి ఆ కథ చెప్పింది మాత్రం బావ కాదు. నేను. నటించి మరీ చెప్పాను.

పోయిన ఆదివారం గిటారు తీసుకుని ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. తాడ్వాయి దాటేదాకా కండక్టరు నన్నే చూసి, చివరికి "సారూ, దానికి టికెట్ కొట్టాల్నా, పాట పాడి ఇడిపిస్తవా?" అన్నాడు. పాడలేదు గానీ, లింగంపేట దాకా సంచీ పై నుంచే కార్డులు నొక్కుతూ కూర్చున్నాను. చెప్పబోయేది తలచుకుంటే భయం, బావ చేతిలో గిటారు పెట్టబోతున్నానంటే సంతోషం.

బావ చూస్తూనే లేచాడు. "అరె బామ్మర్దీ! మళ్ళ షురూ జేసినవా!" నా చేతుల్లోంచి లాక్కున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ముందు వాసనే చూశాడు. తీగ మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు, ముఖం వెలిగింది. వెంటనే అలవాటు ప్రకారం లోపలికి కేకేశాడు: "ఏమే, గోనె సంచులన్ని దాయి! గిటారొచ్చింది!"

అక్క చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నవ్వబోయే ముందు నా వైపు చూసింది. ప్రతిసారీ అలాగే చూసేదేమో. నేను చూడలేదు.

"బావా, గోనె చుట్టింది అక్క గాదు. నేను" అన్నాను.

"ఏందీ?"

"ఊకో తమ్మీ, గిప్పుడెందుకు గవన్ని" అంది అక్క. నేను ఊరుకోలేదు. పగులు, గోనె, ఆరబెట్టడం, పదో తేదీ, అన్నీ చెప్పాను. బావ గిటారును మెల్లగా మంచం మీద పెట్టాడు. అక్క వైపు తిరిగాడు.

"మరి నువ్వెందుకు జెప్పలే?"

"నువ్వు మళ్ళెన్నడన్న అడిగినవా? నేనన్న, నువ్వు నమ్మినవు. ఆకులు జుట్టేదానికి గంతే తెలివుంటదనుకున్నవు."

బావ తల దించుకున్నాడు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నేను అక్క దగ్గరికి వెళ్ళాను. "తప్పైంది అక్కా. గిటారు పాడు జేసి, నీ మీదికి…"

"గిటారు సంగతి ఎన్నడో మర్సిన" అంది. "పిలగానివి, భయపడ్డవు. నేనే నా మీదేసుకున్న, అది నా ఇష్టం. కని నీ పెండ్లిల, కొత్త పిల్ల ముంగట, నా లెక్క మాట్లాడి సూపెట్టి నవ్వినవ్ సూడు. నేను వక్కపలుకుల తట్ట వట్టుకొని ఎనుకనే ఉన్న. గది మర్వలే."

బస్సులో సిద్ధం చేసుకున్న మాటలన్నీ గిటారు గురించినవే. ఇది వాటిలో లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నవ్వినందుకు మాఫ్ చెయ్యి అక్కా" అన్నాను. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ అరుగు మీద నా కోసం మాట పడినప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్ళు, ఇప్పటి నా కంటే పదిహేనేళ్ళు చిన్నది. మాఫీ అడగవలసింది ఆ పిల్లను. కాలం ఆ పిల్లను తీసుకుపోయి, నెరిసిన జుట్టుతో ఉన్న ఈ అక్కను మాత్రం నాకోసం ఆపి ఉంచింది.