మ్యూరియెల్ టైపు చేయనన్న వాక్యం

మ్యూరియెల్‌కు కోపం వస్తే చేతివేళ్ళు వణికేవి. టైపిస్టుకు అది పెద్ద ఇబ్బంది.

పదిహేడేళ్ళకే బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పనికి చేరింది. సమ్మెలో ఆ పని పోగొట్టుకుని, డర్బన్‌లో కార్మిక సంఘం ఆఫీసులో టైపిస్టు అయింది. 1997లో అక్కడికి ఇంటర్నెట్ వచ్చింది. దేశంలోని సంఘాలవాళ్ళు ఈమెయిల్లో వాదించుకునే గుంపు ఒకటుండేది. ఆ ఉత్తరాలు పొద్దున్నే ప్రింటు తీసి కార్యదర్శి ఆర్థర్ బల్ల మీద పెట్టడం ఆమె పని. చదవమని ఎవరూ చెప్పలేదు. చదివేది.

దేశం తైవాన్‌తో దౌత్య సంబంధాలు వదిలి చైనాతో చేయి కలపబోతున్న రోజులవి. గుంపులో టిబెట్ మాట లేచింది. ఎస్ట్‌కోర్ట్ నుంచి సూబయ్య రాశాడు: "అక్కడ బానిసలుండేవారు. చైనా పార్టీ వెళ్ళి రోడ్లు వేసింది, ఆసుపత్రులు కట్టింది. ఇంకా ఏడుపెందుకు?"

సూబయ్య మ్యూరియెల్ భర్త నార్మన్‌కు అన్న. రిటైరైన టీచరు, పాత కమ్యూనిస్టు. తెల్లవాళ్ళ ప్రభుత్వం నార్మన్‌ను జైల్లో పెట్టినప్పుడు వారం వారం బియ్యం, పప్పు మోసుకొచ్చిన మనిషి.

అయినా ఆ ఉత్తరం చదవగానే ఆమెకు ఒళ్ళు మండింది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నది ఒడ్డున రేకుల ఇంట్లో పుట్టింది తను. 1976 వరద తర్వాత అక్కడివాళ్ళందరినీ లారీలెక్కించి ఊరవతల ఫీనిక్స్ కాలనీలో దింపారు. తల్లి ఏడుస్తుంటే ఒక అధికారి, "కుళాయి ఇచ్చాం, రోడ్డు ఇచ్చాం, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు.

ఆమె గుంపుకు రాసింది: "వాళ్ళను ఎవరైనా అడిగారా? మమ్మల్ని అడగలేదు."

మర్నాటికి ఇరవై ఏడు జవాబులు. అమెరికా డాలర్లకు అమ్ముడుపోయిందని ఒకడు. టైపిస్టుకు రాజకీయాలెందుకని ఒకడు. ఇంకొకడు ఆమెను మెచ్చుకుంటూ, కమ్యూనిస్టులకంటే పాత తెల్లవాళ్ళ ప్రభుత్వమే నయమన్నాడు. అందరికంటే వాడి మీదే ఆమెకు ఎక్కువ మండింది. వాడికి రెండు పేజీలు రాసి పారేసింది.

ఆదివారం సూబయ్య భోజనానికి వచ్చాడు.

"ఏటి బావా, నన్ను డాలర్లకి అమ్ముడుపోయిందన్నారు. మీరొక్క మాటా అనలేదు?"

"నీ పేరు అక్కడ ఎందుకు పెట్టేవు? అది పార్టీ మేటర్. నీకు హిస్టరీ తెలీదు."

"మా అమ్మ వంకాయ తోట మీద లారీ తోలేరు. ఆ హిస్టరీ తెలుసు."

"అది వేరే. వాళ్ళు వైట్ గవర్నమెంటు. వీళ్ళు కామ్రేడ్స్."

"కామ్రేడు తోలితే లారీకి చక్రాలుండవా?" ఆమె గొంతు లేచింది. "నువ్వు టీచరువి! ఎవరినీ అడక్కుండా చేస్తే దాన్ని ఏటంటారో నువ్వే నేర్పేవు నాకు!"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో బావను ఆమె "నువ్వు" అనడం అదే మొదలు. నార్మన్ తలెత్తకుండా, "అన్నం చల్లారిపోతోంది," అన్నాడు. సూబయ్య తినకుండానే వెళ్ళిపోయాడు.

కొత్త సంవత్సరంలో చైనా నుంచి ప్రతినిధులు వస్తున్నారని ఆర్థర్ స్వాగత పత్రం రాసిచ్చాడు. మూడో వాక్యంలో, టిబెట్ ప్రజలు పార్టీ నీడలో సంతోషంగా ఉన్నారని ఉంది.

"ఇది కొట్టను," అంది మ్యూరియెల్.

"నీ అభిప్రాయం అడగలేదు. టైపు చెయ్యి."

"వాళ్ళ సంతోషం సంగతి నీకెవరు చెప్పేరు?"

ఆర్థర్ ఆమెను లేపి, ఒంటివేలితో తనే గంటసేపు కొట్టుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. సర్వసభ్య సమావేశంలో ఆ వాక్యం తీసేయాలని లేచి నిలబడింది. ఏడు చేతులు లేచాయి. హాలు నిండా జనం. పత్రం అలాగే వెళ్ళింది.

ఆమెను కంప్యూటరు దగ్గర నుంచి సభ్యత్వ కార్డులిచ్చే కౌంటరుకు మార్చారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉంది. వణికే వేళ్ళతో కార్డుల మీద పేర్లు రాసేది, ఎలా రాయాలో ఒక్కొక్కరినీ అడిగి మరీ.

సూబయ్య, ఆమె చావులకూ పెళ్ళిళ్ళకూ కలిసేవారు. పిల్లల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవారు. ఒక పెళ్ళిలో పక్కపక్కనే కూర్చుని తింటుండగా సూబయ్య, "ఇప్పుడు టిబెట్‌కి రైలు కూడా వేసేరట..." అన్నాడు.

మ్యూరియెల్ ప్లేటు తీసుకుని లేచి, ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.