నడుం కొలత

ఆ వీధిలో దర్జీ మాటని నమ్మేవాళ్ళు లేరు, తప్పుపట్టేవాళ్ళూ లేరు. "రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి" అంటే ఆ రేపు ఏ వారానిదో ఎవరికి వాళ్ళే లెక్కవేసుకునేవారు. అతను ఆడి తప్పేవాడు, వాళ్ళు కాసేపు కసురుకునేవారు, మళ్ళీ ఇంకో బట్ట తెచ్చి ఇచ్చేవారు. ఇరవయ్యేళ్ళుగా బండి ఇలా సాఫీగా నడుస్తుంటే అతనికి మెడ పట్టేసింది.

మిషను మీద వంగి వంగి పట్టేసిన మెడ అది. ఎడమపక్క ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. భార్య పోరు పడలేక వీధి చివర మేడమీద యోగా నేర్పే టీచరమ్మ దగ్గర చేరాడు. మెడ తిప్పడం నేర్పుతుందేమోనని వెళ్తే ఆవిడ మొదటి రోజుల్లోనే, "ఒళ్ళు వంచడం నిదానంగా వస్తుందండీ. ముందు మాట తిన్నగా ఉండాలి. సత్యం పాటించండి" అంది. నొప్పికి మందడిగితే నియమం అంటగట్టిందావిడ. కానీ మనవాడికి పంతమెక్కువ. పాటించి చూపిద్దామనుకున్నాడు.

చూపించాడు. కోటు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషితో, "రెండు వారాలు పడుతుందండీ, అంతకంటే ముందు కాదు" అన్నాడు.

"అదేంటయ్యా, శనివారం ఇస్తానని చెప్పరాదూ? నేనే ఆలస్యంగా వస్తాగా!" అన్నాడాయన.

"ఇవ్వలేనండీ. అబద్ధం ఎందుకు చెప్పడం?"

ఆయన దర్జీని ఎగాదిగా చూసి, ఒంట్లో బాగాలేదేమో అనుకుని, బట్ట తీసుకుని ఎదురు కొట్టుకి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు బ్యాంకులో పనిచేసే ఆవిడ వచ్చి, కొలతలిస్తూ, "నేనేమైనా లావయ్యానా?" అని నవ్వుతూ అడిగింది. ఇలాంటి ప్రశ్నకి దర్జీలందరికీ ఒకటే జవాబు తెలుసు. ఇతను మాత్రం టేపు తిరగేసి చూసి, "అయ్యారండీ, రెండంగుళాలు" అన్నాడు. ఆవిడ నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మూల స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టే భార్య ఇదంతా చూస్తూనే ఉంది. "యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా? కాస్త నోరు మూసుకున్నా సత్యమేగా, అది పాటించండి" అంది.

అతనికి ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పినన్నాళ్ళూ మంచివాడు, నిజం చెప్పిన వారానికే పిచ్చివాడు! ఇదెక్కడి న్యాయం? అయినా బిగపట్టాడు. దర్జీ నిజం తప్ప మాట్లాడటం లేదన్న సంగతి వీధంతా పాకింది. కొందరు పనిలేకపోయినా వచ్చి, "నా చొక్కా నాకు నప్పిందా?" అని అడిగి, చెప్పించుకుని, తిట్టుకుంటూ వెళ్ళేవారు.

ఇంత నిజాయితీపరుడి కడుపులోనూ ఒక అబద్ధం అలాగే ఉండిపోయింది. అది ఎవరో బయటివాళ్ళ సంగతి కాదు, సొంత అన్నయ్యది.

అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాం ప్యాంట్లు తమ్ముడే కుట్టాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఈ యోగా గొడవకి చాలా ముందే ఒకసారి వచ్చి, "జారిపోతోందిరా, నడుం కాస్త లోపలికి పట్టు" అన్నాడు. దర్జీ టేపు పెట్టి చూశాడు. అంకె చూడగానే తగ్గింది మనిషేనని తెలిసిపోయింది. పైకి మాత్రం, "బట్ట సాగిందన్నయ్యా, ఈ యూనిఫాం బట్టలింతే" అన్నాడు. అన్నయ్య, "అదే నేనూ అనుకున్నా" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చాడు. ఇతను మళ్ళీ నడుం లోపలికి పట్టాడు. మూడోసారి వచ్చినప్పుడు బట్ట ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

"ఒకసారి డాక్టరుకి చూపించుకో అన్నయ్యా."

"చూపించుకుంటే డిపోలో తెలుస్తుంది. తెలిస్తే బస్సు ఎక్కనివ్వరు. కిటికీ పక్కన కూర్చోబెట్టి టిక్కెట్ల కట్టలు లెక్కపెట్టమంటారు. నా వల్లకాదు. మీ వదినకి చెప్పకు. మాటివ్వు."

ఇచ్చాడు.

అప్పటికి సత్యవ్రతం మొదలైపోయింది కూడా. మనసు ఒకచోట నిలవక, మర్నాడే టీచరమ్మని అడిగాడు. "నిజం చెప్తే ఒకరికి దెబ్బ తగులుతుందనుకోండి. అప్పుడో?"

"యోగ నియమాల్లో అహింస మొదటిది, సత్యం రెండోది. పెద్దలు ఆ వరస ఊరికే పెట్టలేదు" అందావిడ చాప చుట్టుకుంటూ.

ఎంత హాయైన జవాబు! దర్జీ దాన్ని ప్రసాదంలా కళ్ళకద్దుకున్నాడు. చెప్తే వదిన బెంగపడుతుంది, అన్నయ్య పని పోతుంది, కనుక చెప్పకపోవడమే అహింస. బ్యాంకావిడకి ఈ వరస ఎందుకు వర్తించలేదో మాత్రం అతను ఆలోచించలేదు. ఆలోచిస్తే దొరికిపోతానని తెలుసేమో.

ఒకరోజు మధ్యాహ్నం వదినే కొట్టుకి వచ్చింది. చేతిలో అన్నయ్య ప్యాంటు. లోపలి పక్క పైకి తిప్పి కటింగ్ బల్ల మీద పరిచింది. నడుం పట్టీ దగ్గర కుట్టు విప్పిన ప్రతిసారీ సూది చేసిన చిల్లులు వరసలుగా కనబడుతున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, లోపలికి జరుగుతూ.

"ఇస్త్రీ చేస్తుంటే కనబడింది మరిదీ. నువ్వు అబద్ధాలు మానేశావని అందరూ అంటున్నారు. బట్ట సాగిందని ఆయన అంటున్నారు. నువ్వు చెప్పు. బట్ట సాగిందా, మనిషి తగ్గారా?"

గుండీలు కుట్టే భార్య చేయి ఆగిపోయింది. దర్జీకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే అన్నయ్యకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఇన్నాళ్ళూ వీధిలో ఊరేగించిన సత్యం వట్టి వేషమని తేలిపోతుంది.

"మనిషే తగ్గాడు వదినా. అయిదంగుళాలు" అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారి టేపు పెట్టినప్పటి నుంచి."

"ఊళ్ళోవాళ్ళ లావులు చెప్పడానికి నోరొచ్చింది. ఇంట్లో మనిషి చిక్కిపోతుంటే చెప్పడానికి రాలేదా?" ప్యాంటు మడతపెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మిషను తొక్కితే దారం తెగింది, ఎక్కిస్తే మళ్ళీ తెగింది. అతనికి టీచరమ్మ మీద కోపమొచ్చింది. మాట తప్పించిన వదిన మీద, మాట తీసుకున్న అన్నయ్య మీద, నిజం చెప్పిస్తూ ఆడుకున్న వీధి మీద కోపమొచ్చింది. అందరినీ వరసగా తిట్టుకున్నాక చివరికి తనొక్కడే మిగిలాడు. తేలిక నిజాలన్నీ ఏరి ఏరి చెప్పి, బరువైనది దాచుకున్నాడు. పిరికితనానికి పేరు మార్చి అహింస అన్నాడు. అది తలచుకుంటే సిగ్గేసింది, ఆ సిగ్గు అన్నం కూడా తిననివ్వలేదు.

పొద్దున్నే అన్నయ్య వచ్చాడు. యూనిఫాం వేసుకోలేదు.

"చెప్పేశావట."

"చెప్పేశాను."

"మాటిచ్చావు కదరా."

"ఇచ్చాను. తప్పాను. తిట్టు అన్నయ్యా."

"తిట్టడానికి ఓపిక లేదు. మీ వదిన రాత్రి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అరిచినా బాగుండేది." ఉన్నట్టుండి రెండు చేతులూ పక్కలకి ఎత్తి నిలబడ్డాడు. "కొలువు. పైకి చదువు."

ఇన్నిసార్లు వచ్చాడు కానీ అంకె ఎంతని ఒక్కసారీ అడగలేదు. దర్జీ టేపు చుట్టాడు.

"ముప్పై మూడు."

"ముందెంతుండేది?"

"ముప్పై ఎనిమిది."

"సరిగ్గా చూడరా. ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూశాడు. ముప్పై మూడే. అన్నయ్య చేతులు దించి బెంచీ మీద కూర్చున్నాడు. గోడకి వేలాడుతున్న పూర్తికాని కోట్లని ఒక్కొక్కటిగా చూశాడు. దర్జీ పక్కన నిలబడి ఏదైనా ధైర్యం చెబుదామనుకున్నాడు. నోటికొచ్చిన ప్రతి మాటా తనకే నమ్మకం లేనిదే. టేపు తీసి మెళ్ళో వేసుకున్నాడు.

"ఇవాళ ఆస్పత్రికి పోదామంటోంది మీ వదిన" అన్నాడు అన్నయ్య చివరికి. "నువ్వూ రా."

"నేనా? నా మీద కోపం పోయిందా?"

"పోలేదు, ఇప్పట్లో పోదు కూడా. కానీ ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని డాక్టరు అడిగితే నేను వారం నుంచేనంటాను. అనేస్తానురా, నా సంగతి నాకు తెలుసు. మీ వదినకేమో లెక్క తెలీదు. నువ్వు నా పక్కన కూర్చుని అడ్డం తగులు."