చక్రం బాబాయ్, నాలుగు రాతి చేపలు

ఆయనను కూడలిలో అందరూ చక్రం బాబాయ్ అంటారు. పెద్ద వ్యవహారాల్లో చక్రం తిప్పుతారని కాదు. నగరం నడిబొడ్డున ఉన్న రెండు వందల ఏళ్లనాటి ఫౌంటెను కింద చిన్న గది ఉంది. అందులో బండి చక్రమంత వాల్వు ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా దాన్ని ఉదయం ఆరింటికి తెరవడం, సాయంత్రం ఏడింటికి మూయడం ఆయన ఉద్యోగం. ఒత్తిడి చూసే మీటరు ఉన్నా ఆయన దానివైపు చూడరు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి, "నాలుగో చేప దగ్గుతోంది" అని పావు చుట్టు తిప్పుతారు. పైన నాలుగు రాతి చేపలు నీళ్లు చిమ్ముతుంటాయి. నాలుగోదానికి గొంతు ఇరుకు.

నేను అక్కడికి వెళ్లింది ఆయన కోసం కాదు, మనుషులను లెక్కపెట్టడానికి. ఈ ఫౌంటెనును ఎవరైనా చూస్తున్నారా అని పురపాలక కార్యాలయానికి సందేహం వచ్చింది. రోజుకు సగటున నూరు మందైనా ఆగి చూస్తే నీళ్లు ఉంటాయి. లేదంటే తొట్టెలో మట్టి నింపి పూలమొక్కలు పెడతారు, బాబాయిని పాత కాగితాల గదికి పంపుతారు. సర్వే నాకు అప్పగించారు. మొదట నిర్వచనం రాసుకున్నాను: "ఆగుట అనగా ఫౌంటెను వైపు ముఖం పెట్టి కనీసం అర నిమిషం నిలబడుట."

మొదటి రోజు సాయంత్రం బాబాయ్ మెట్లెక్కి వచ్చి నా కాగితంలోకి తొంగి చూశారు.

"ఎంతమంది తేలారమ్మాయ్?"

"అరవై రెండు, బాబాయ్."

"ఆ గొడుగాయన్ని వేశావా?"

"ఆయన చెప్పు తెగి ఆగాడు. ముఖం అటుంది."

"కాస్త మెడ తిప్పాడు కదా తల్లీ!"

"మెడ చాలదు. ముఖం మొత్తం, అర నిమిషం."

"ఫోటో స్టూడియోవాడు కూడా ఇంత పట్టింపు పట్టడు."

క్యారేజీ తీసుకువెళ్లడానికి వచ్చిన ఆయన భార్య అందుకుంది. "ముప్ఫై ఏళ్లుగా 'ఏమండీ, ఒక్క నిమిషం ఆగండి' అంటే మీరే ఆగలేదు. మీ నీళ్లకి ఊరంతా ఆగాలా?"

"ఆగితే చేతిలో సంచి పెడతావు. అందుకని ఆగలేదు."

నవ్వారు కానీ, ఆమె ముందుకు నడిచాక గొంతు తగ్గించారు. "ఆ కాగితాల గదిలో నీళ్లుండేది కూజాలోనే అమ్మాయ్. సెలవు రోజు ఇంట్లోనే నాకు చెవులు గుయ్యిమంటాయి. కుళాయి విప్పి కూర్చుంటాను. మీ పిన్ని వచ్చి కట్టేస్తుంది."

మర్నాటి నుంచి అంకెలు ఎగిసిపడ్డాయి: నూట నలభై, నూట డెబ్భై ఒకటి, నూట అరవై ఎనిమిది. నేనూ సంతోషించాను. అయితే నా పట్టికలో "ఆగి ఏమి చేశారు" అనే గడి ఒకటుంది. దాన్ని సరిచూస్తుంటే ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపించింది: తుడుచుకున్నారు. మూడు రోజులుగా వాన లేదు, గాలి లేదు.

చప్పుడు కాకుండా కింది గదిలోకి దిగాను. బాబాయ్ ఒక చెయ్యి చక్రం మీద వేసి, కిటికీ ఊచల్లోంచి పైన నడిచే కాళ్లను చూస్తున్నారు. నిగనిగలాడే బూట్లు రెండు దగ్గరికొచ్చాయి. అర చుట్టు తిరిగింది చక్రం. పైన ఎవరో కెవ్వుమన్నారు.

"అర నిమిషం ఖాయం," అనుకున్నారు బాబాయ్ తనలో తాను. "కళ్లజోడు కూడా ఉంటే నిమిషం."

"బాబాయ్!"

ఉలిక్కిపడ్డారు. "గాలి తిరిగిందమ్మాయ్."

"గాలి చక్రం తిప్పదు బాబాయ్."

"తడిసినవాళ్లని వెయ్యకూడదని నీ నిర్వచనంలో ఉందా? ముఖం ఇటే పెడుతున్నారు కదా? పెట్టే తిడుతున్నారు!"

అలాంటి షరతు నిజంగానే లేదు. అయినా మొదటి రోజుతో సహా లెక్కంతా కొట్టివేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ మూడు రోజులూ బాబాయ్ నా పక్కన రాతి గట్టు మీద, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం వచ్చినవారిలా కూర్చున్నారు.

అప్పుడు నేను ఊహించనిది జరిగింది. ఒకసారి తడిసినవారెవరూ ఇప్పుడు ఫౌంటెను పక్కగా తిన్నగా నడవడం లేదు. పది అడుగుల దూరంలో ఆగి, చేపల వైపు తేరిపార చూసి, నమ్మకం కుదిరాకే కదులుతున్నారు. నిగనిగల బూట్లాయన స్నేహితుణ్ణి కూడా తీసుకొచ్చాడు.

"ఇదిగో, ఈ చేపే. ఎంత అమాయకంగా ఉందో చూడు!"

"ఇన్నేళ్లుగా ఇటే తిరుగుతున్నాను కానీ, ఇక్కడ చేపలున్నాయని తెలీదురా," అన్నాడు స్నేహితుడు. మూడు నిమిషాలు నిలబడ్డాడు.

ఏ భావంతో చూడాలో నిర్వచనం చెప్పదు. అందరినీ వేశాను: తొంభై మూడు, నూట ఏడు, నూట పదమూడు. సగటు నూట నాలుగు. చక్రం సంగతి దాచకుండా నివేదికలో ఒక పుట నిండా రాశాను.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది: ఫౌంటెను కొనసాగును, వాల్వు ఉద్యోగికి తీవ్ర మందలింపు. బాబాయ్ ఆ మందలింపును రెండుసార్లు చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇన్నాళ్లకి నిజంగానే చక్రం తిప్పారు," అంది భార్య. "ఏమండీ, ఒక్క నిమిషం ఆగండి, ఈ సంచి..."

"నాలుగో చేప దగ్గుతోంది," అంటూ ఆయన ఆగకుండా మెట్లు దిగిపోయారు.