మార్చురీ జేమ్స్

మంచిర్యాలలో మార్చురీలో పని చేసే జేమ్స్ ఇంటికి రాగానే మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు రుద్దుకుంటాడు. ఆ తర్వాతే అన్నం ముట్టుకుంటాడు. ఇంటి ఓనరమ్మకు మాత్రం దవాఖానలో గుమాస్తానని చెప్పాడు. నిజం తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటుందని భయం. అతను రోజూ చూసే పోలీసు సీరియల్లోకి ఈ వారం కొత్తగా ఒక మార్చురీ పనివాడొచ్చాడు. వాడు తాగుతాడు, శవం పక్కనే కూర్చుని బజ్జీలు తింటాడు. ఫోన్లో ఆ సీరియల్ అభిమానుల గ్రూపులో అందరూ వాణ్ణి తెగ తిట్టారు, జోకులు పేలలేదట, కథ సాగట్లేదట. మార్చురీ పనివాళ్లు అలా ఉండరని మాత్రం ఒక్కరూ అనలేదు.

జేమ్స్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ గ్రూపులో రాశాడు: "మేం ముందుగాల పోయినోళ్ల ముఖం కడుగుతం. కండ్లు మూస్తం. గప్పుడే తల్లిని లోపలికి పిలుస్తం."

వెంటనే ఎవడో అడిగాడు: "నీకెట్ల తెలుసన్నా? పీనుగులు కడుగుతవా ఏంది?"

"జవాబియ్యకు," అంది భార్య హెప్సిబా. "ఓనరమ్మ గూడ గీ సీరియలే చూస్తది. నీ పేరు, ఫోటో కనవడుతయి."

జేమ్స్ "ఔ తమ్మీ, పద్నాలుగేండ్ల సంది కడుగుతున్న" అని రాసి, పక్కన ఊరి పేరు కూడా పెట్టాడు.