వరసకి బావమరిదే

మా మావగారు మైలపల్లి నరసింగరావుగారికి ఈ లోకంలో పరాయివాళ్ళంటూ లేరు. ఉన్నా మూడు ప్రశ్నల దాకానే. "మీది ఏ ఊరు?" ఒకటి. "ఇంటిపేరేటి?" రెండు. "మీ యమ్మదే ఊరు?" మూడు. మూడోదానికి జవాబిచ్చేసరికి ఎదుటివాడు ఆయనకి తమ్ముడో, మేనల్లుడో, వియ్యంకుడో అయిపోయి ఉంటాడు. తప్పించుకున్నవాణ్ణి నేను చూడలేదు. నన్నే చూడండి. పన్నెండేళ్ళ కిందట విజయనగరం స్టేషన్లో "ఈ బండి పలాసలో ఆగుతాదేటి బాబూ" అని అడిగినాయనకి మర్యాదగా జవాబు చెప్పిన పాపానికి, ఆయన ఒక్కగానొక్క కూతురు ఝాన్సీకి మొగుణ్ణయ్యాను.

ఆయనది కళింగపట్నం. పడవలు ఒడ్డుకి రాగానే చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది శ్రీకాకుళం బజారుకి పంపడం ఆయన వ్యాపారం. సరుకుతో పాటు ఆటోలో తనూ వెళ్ళేవారు. గంటలో చేరాల్సిన ఆటో రెండు గంటలకి చేరేది. దారిలో చుట్టాలు ఎక్కువ కదా.

ఒకసారి శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్లో హెల్మెట్ లేదని కానిస్టేబుల్ మా బండి ఆపాడు. నేను పర్సు తీసేలోపే మూడు ప్రశ్నలూ అయిపోయాయి. అతను ఝాన్సీకి పెదనాన్న కొడుకు వరస అయ్యాడు. "బావకి జరిమానా కట్టడానికి నామోషీ ఏటి, కట్టీ అల్లుడూ" అన్నారు మావగారు. కట్టాను. పై నెలలో ఆ బావ చెల్లెలి పెళ్ళికి పిలుపొచ్చింది. జరిమానాకి నాలుగింతలు పెట్టి పట్టుచీర కొన్నాం.

ఇంకోసారి బ్యాంకునించి అంటూ ఎవడో మోసగాడు ఫోన్ చేశాడు. మావగారు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "అల్లుడూ, మన పక్కింటి ఉమాశంకర్ తోడల్లుడికి మేనల్లుడు వరస. పాపం ఏదో ఓటీపీ కావాలంతన్నాడు. ఇచ్చీనా?" అని అడిగారు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి అవతలివాడే ఫోన్ పెట్టేశాడు. వాళ్ళ అమ్మది ఏ ఊరని ఈయన అప్పటికి ఆరుసార్లు అడిగారట.

బొబ్బిలి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మా అమ్మాయి సుహాసినికి వీణ కొందామని వెళ్ళాం. "లాడ్జీ ఎందుకు, మన చిన్నాన్నోళ్ళిల్లున్నాది" అని మావగారు ఒక ఇంటికి తీసికెళ్ళారు. వాళ్ళు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. జంతికలు పెట్టారు, పాకుండలు పెట్టారు. నేను రెండో ప్లేటులో ఉండగా లోపలినించి పట్టుచీరలో ఒక అమ్మాయి తలొంచుకుని వచ్చి మా ముందు కూర్చుంది. వాళ్ళు ఆ పూట పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. ఝాన్సీ ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు, తప్పు నాదైనట్టు.

ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని నేను అండమాన్ వెళ్ళాల్సొచ్చింది.

మొదట అనుకున్నది అండమాన్ కూడా కాదు. సుహాసిని క్లాసులో అందరూ ఏదో ఒక ద్వీపం చూసొచ్చారట, అదొక్కతే చూడలేదట. నేను ప్రైవేటు కాలేజీలో లెక్కల మేష్టార్ని. నా జీతానికి ద్వీపమంటే వంశధార మధ్యలో తేలే ఇసక దిబ్బ. అయినా చిట్టీ పాడి యాభైవేలు చేతిలో పెట్టుకుని, అత్తమామలతో కలిపి ఐదుగురికి ఏ ద్వీపం వస్తుందా అని ఫోన్లో వెతుకుతూ కూర్చున్నాను. ఝాన్సీ ఒకటి చూపించేది. నేను రేటు చూపించేవాణ్ణి. ఝాన్సీ ఫోన్ బోర్లా పెట్టేది.

అప్పుడు మా అత్తగారు తవిటమ్మగారు, చాటలో ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతున్నావిడ, తలెత్తకుండానే అన్నారు. "ఎల్తే అండమానెల్దాం బాబూ."

పన్నెండేళ్ళలో ఆవిడ నన్ను ఏదీ అడగలేదు. పండక్కి చీర కొంటే కూడా "ఉన్నాయి కదా" అనే మనిషి. ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి మాట ఇది. ఎలాగైనా ఆవిడని తీసికెళ్ళాలి, ఏ లోటూ లేకుండా తిప్పి తీసుకురావాలి అని నేను ఆ క్షణానే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టుకి మావగారు అడ్డం తగిలారు.

విమానం మా చిట్టీకి అందదు. విశాఖ నుంచి నెలకి ఒకటో రెండో ఓడలుంటాయి, బంకు టిక్కెట్లు, అంటే అందరితో కలిసి పడుకునే అరల్లో చోటు, చవక. అది కుదిరింది. మూడు వారాలు వెతికి పోర్టుబ్లెయిర్లో ఒక లాడ్జీ పట్టాను. ఐదుగురికి ఒకటే గది, మెట్లెక్కాలి, కానీ స్నానాల గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. అత్తగారికి ఆ తలుపు పక్కన మంచం అని కూడా అనుకున్నాను. అడ్వాన్సు పంపి, భోజనం సంగతి కనుక్కోమని నంబరు మావగారికిచ్చాను. నా జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదేననుకున్నాను.

గంటన్నర మాట్లాడారు. మేనేజరు పేరు చినబాబట. తాత మా జిల్లా భావనపాడు నుంచి వెళ్ళాడట. వరసకి తమ్ముడట.

"భోజనం సంగతి?" అన్నాను.

"అదడగనేదు అల్లుడూ."

ఆ తర్వాత రోజూ ఫోన్లు. ఈయన చెయ్యడం, అతను చెయ్యడం. రెండు వారాలకి, ప్రయాణం ఇంక పది రోజులుందనగా, మావగారు నా దగ్గరికొచ్చి చల్లగా చెప్పారు. "లాడ్జీ వద్దనీసినాను. సినబాబు నీ డబ్బులు తిరిగి ఏసీసినాడు, సూసుకో."

ఫోన్లో చూశాను, పడ్డాయి. "మరి ఎక్కడ దిగుతాం మావయ్యా?"

"మా బావమరిది ఇల్లుండగా లాడ్జీ ఏటి?"

"ఏ బావమరిది?"

"వరసకి బావమరిదే."

ఆయన బావమరదులు ఒక్క పలాసలోనే పద్నాలుగు మంది ఉన్నారు. ఝాన్సీతో చెప్తే, "బొబ్బిలికైతే బస్సుంది, తిరిగొచ్చేశాం. అక్కణ్ణుంచి ఎలా వస్తామండీ?" అంది. మళ్ళీ లాడ్జీ కోసం ఫోన్ చేశాను. సీజను కదా, గది అప్పుడే ఎవరికో వెళ్ళిపోయింది. మిగిలినవన్నీ మా చిట్టీ మొత్తం మింగేసేవే.

ఓడ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పలేను. ఎక్కువ భాగం కళ్ళు మూసుకునే ఉన్నాను. విశాఖ దాటిన గంటకే కడుపులో తిప్పడం మొదలైంది. దాన్ని భరించవచ్చు. మావగారు ఈలోగా ఓడంతా తిరిగి చుట్టరికాలు కలిపేశారు, దాన్ని భరించలేకపోయాను. నా బంకు దగ్గరికి జనం వరసగా పరామర్శకి వచ్చారు. ఒకాయన నిమ్మకాయ వాసన చూపించాడు. ఒకావిడ నాలిక మీద అల్లం రాసింది. తాయారు అనే పెద్దావిడ, నాకు పినమామ్మ వరసట, వాము నమలమని నా నోట్లో తనే వేసింది. "అల్లుడు నీరసించిపోనాడు" అని అందరూ నా ముఖం మీదే చెప్పుకున్నారు.

వీటన్నిటికీ తోడు అత్తగారి మూట. ఎండు నెత్తళ్ళు, రెండు కేజీలు. దాన్ని కింద పెట్టరు, ఎవరికీ ఇవ్వరు, ఒళ్ళోనే. చుట్టూ సముద్రం, కింద సముద్రం, వెళ్ళేది చేపలు తినే ఊరికి. అక్కడికి ఎండుచేపలు మోసుకెళ్ళడమేమిటో, ఆ వాసన నా బంకు మీదుగానే పోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

రెండోరోజు సాయంత్రం కాస్త తల ఎత్తగలిగి డెక్ మీదికి వెళ్ళాను. అత్తగారు కమ్మీ పక్కన మూటతో కూర్చున్నారు. అవతల మావగారు ఒక నావికుణ్ణి పట్టుకుని ప్రశ్నలేస్తున్నారు. నాకు విసుగు ఆగలేదు. "రేపు ఎవరింటి ముందు నిలబడాలో తెలీదు. మావయ్యగారికి ఈ పిచ్చి పుట్టుకతోనే ఉందా అత్తయ్యా?" అనేశాను.

"మీ మావ మునపు మాటాడీవోడే కాదు బాబూ" అన్నారావిడ.

నవ్వడానికి ఓపిక లేకపోయినా నవ్వాను.

"ఒట్టు. పెళ్ళిసూపులప్పుడు మా నాన్న నాలుగు మాటలడిగితే నాలుగింటికీ తలే ఊపినాడు. మూగోడికిత్తన్నారని మా యమ్మ ఏడిసినాది. సేపల బేరం కూడా వేళ్ళతోనే ఆడీవోడు."

"మరి ఇదెప్పుడు పట్టుకుంది?"

"మా తమ్ముడు ఎల్లిపోనాక."

సూరాడ గంగులు. ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఎత్తితే ఆ పూట అత్తగారు అన్నం తినరట. అందుకే ఝాన్సీ కూడా నాకు చెప్పలేదు. ఇరవయ్యేడేళ్ళ కిందట, పందొమ్మిదేళ్ళ వయసులో, గంగులు తండ్రిని అడగకుండా పడవ తీసికెళ్ళి వంశధార సముద్రంలో కలిసే మొగలో ఇసక దిబ్బకి కొట్టించి ముక్కలు చేశాడట. తండ్రి కోపంలో "నా కంటికి కనబడకు" అన్నాడు. గంగులు నిజంగానే కనబడలేదు.

"ఒరిస్సా కాడ పారాదీపులో ఉన్నాడని ఒకలు, అండమాన్ ఓడెక్కినాడని ఒకలు. మీ మావ ఆ దినం నించి కనబడినోడినల్లా ఊరడిగీవోడు, ఇంటిపేరడిగీవోడు. మొదట్లో సిగ్గుకి సెమటలు పట్టీసీవి. ఊరికే ఇంటిపేరడిగితే జనం అనుమానంగా సూస్తన్నారని, వరసలు కలపడం నేర్సినాడు." ఆవిడ మూట సర్దుకున్నారు. "ఒకపాలి పారాదీపులో దొరికినాడని నన్ను తీసికెల్లినాడు. ఆడు ఏరే గంగులు. నాలుగు దినాలు మంచం దిగనేదు నాను. అప్పట్నించి నా కాడ ఆయనా ఎత్తడు, నానూ ఎత్తను."

నాకు సిగ్గేసింది. పన్నెండేళ్ళుగా నలుగురిలో తల దించుకున్నది ఆయన వల్ల కాదు, నా బుర్ర వల్ల అనిపించింది. లేచి మావగారి దగ్గరికి వెళ్ళాను.

"ఈ బావమరిది ఎవరు మావయ్యా?"

ఆయన అత్తగారి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "నువ్వు ఎతికిన లాడ్జీ పున్నెమే అల్లుడూ. సినబాబు సేపల బజారంతా తిరిగి పట్టుకున్నాడు. అదే ఊరు, అదే ఇంటిపేరు. ఫోన్లో మాటాడినాను. తండ్రి పోనాడని విన్నాక మొకం సెల్లక రానేదంట."

"మరి అత్తయ్యకి చెప్పలేదేం?"

"ఇరవయ్యేడేళ్ళు. ఫోన్లో ఎవుడైనా గంగులే. మల్లీ పారాదీపయితే అది తట్టుకోనేదు. దాని కళ్ళతో అదే సూసుకోనీ."

ఆయనకీ నమ్మకం లేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు పోర్టుబ్లెయిర్ జెట్టీ మీద దిగాం. చుట్టూ జనం, సామాన్లు. మావగారు ఎవరినీ ఏమీ అడగలేదు. ఓడలో కలిపిన చుట్టాలు చేతులూపుతూ వెళ్తుంటే చెయ్యి కూడా ఊపలేదు. ఒక సంచి పట్టుకుని మా అందరికీ వెనక్కి జరిగి నిలబడ్డారు. తెల్ల గళ్ళ లుంగీ, నెరిసిన జుట్టు, ఒక మనిషి మాకు పది అడుగుల దూరంలో ఆగిపోయాడు. ముందుకీ రాడు, వెనక్కీ పోడు.

అత్తగారు అతన్ని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మూట చంకలో పెట్టుకుని దగ్గరికి వెళ్ళి అడిగారు.

"నీది ఏ ఊరు?"

"కళింగపట్నం."

"ఇంటిపేరేటి?"

"సూరాడోళ్ళం."

ఆవిడ ఇంకో అడుగు దగ్గరికి వేశారు. "మీ యమ్మదే ఊరు?"

"మన యమ్మదే ఊరో నీకు తెల్దేటక్కా?" అన్నాడతను.

అత్తగారు ఆ మూటతోనే అతని భుజం మీద ఒకటి ఇచ్చారు. ఇంకొకటి ఇచ్చారు. మూడోదానికి ముడి ఊడి, నెత్తళ్ళు జెట్టీ అంతా చెల్లాచెదురయ్యాయి. సుహాసిని వంగి ఏరబోతే గంగులుగారు దానికంటే ముందే కూర్చుని, ఏడుస్తూ, ఒక్కొక్కటీ ఏరి లుంగీలో వేసుకున్నారు. "ఇక్కడ అన్ని సేపలూ దొరుకుతాయమ్మా, ఈ ఎండబెట్టడం ఎవులికీ రాదు" అని దానికి చెప్పారు. మావగారు నా పక్కన నిలబడి ముక్కు తుడుచుకున్నారు. జన్మలో ఆయన కలపకుండా దొరికిన వరస అదొక్కటే.

అత్తగారినీ ఝాన్సీనీ సుహాసినినీ గంగులుగారు తన బండిలో ఎక్కించుకున్నారు. మావగారూ నేనూ సామాన్లతో ఆటో ఎక్కాం. కూర్చోగానే మావగారు ముందుకి వంగి, డ్రైవరు భుజం తట్టి, తనకొచ్చిన హిందీలో మొదలెట్టారు.

"బాబూ, మీది ఏ ఊరు?"

"దొరికాడు కదా మావయ్యా" అన్నాను. "ఇంకా ఎందుకు?"

"ఈ బాబుకీ ఎక్కడో ఒక అక్క ఉంటాది కదేటి" అన్నారు.

డ్రైవరుది రాంచీ అట. ఇల్లు చేరేసరికి నాకు తోడల్లుడు వరస అయ్యాడు.