ఎవరి బెత్తెడు

చక్రాల కుర్చీని మడిచి కారు వెనక పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందు చిన్న చక్రాలు డిక్కీ అంచు మీద ఆనించాలి. తరవాత మోకాలు కింద ఆసరా పెట్టి, ఒక్క ఊపున లోపలికి తోసెయ్యాలి. ఆ పద్ధతి ఆమెకు భర్తే నేర్పాడు. ఆ పొడుగు కారు నడపడం కూడా ఆయనే నేర్పాడు. మూడేళ్లపాటు ప్రతి గురువారమూ అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, కుర్చీ వెనక వేసుకుని, కాళ్లకు కసరత్తు చేయించే క్లినిక్‌కి తనే తీసుకెళ్లేది.

భర్త పోయాక రెండు నెలలు ఇద్దరూ ఇల్లు కదల్లేదు. మళ్లీ కారు తీసిన మొదటి గురువారమే ఆ చక్రాలు అంచుకు అందలేదు.

ఆ రోజు పక్కింటాయన వచ్చి ఎత్తి పెట్టాడు. మరుసటి వారం ఆయన ఊళ్లో లేడు. కుర్చీ జారి ఆమె మోకాలి కింద చర్మం గీరుకుపోయింది. ముందు సీట్లోంచి అద్దంలో ఇదంతా చూస్తున్న అత్తగారు ఊరుకోలేదు.

“తింటేగా సత్తువుండేది. పిట్టలా రెండు మెతుకులు ఏరుకుంటే కుర్చీ లేస్తుందా?”

ఆమె మోకాలి కింద పట్టీ వేసుకుంది. నిజమేననుకుంది. ఈమధ్య నీళ్ల బకెట్టు కూడా బరువుగానే ఉంటోంది మరి.

సంగతి మరిది చెవిన పడింది. మంచివాడే, కానీ ఏ చిక్కయినా నిలబడ్డపాటున తెగిపోవాలంటాడు. ఎత్తలేని కుర్చీకి అంత కారెందుకు, అమ్మేద్దామన్నాడు. ఆదివారం చూడ్డానికి ఒకాయన్ని తీసుకొస్తానన్నాడు, గురువారాలకు ట్యాక్సీ పంపిస్తానన్నాడు. ట్యాక్సీ మాట వినగానే అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. ఒకసారి ట్యాక్సీ అతను తనను బస్తాను దించినట్టు దించాడని, చచ్చినా మళ్లీ ఎక్కనని ఆవిడ ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. అంటే కారు పోతే గురువారం కూడా పోయినట్టే. వారంలో ఆవిడకు అదొక్కటే బయటి గాలి. చెప్పుకోదు గానీ ఈమెకూ అంతే.

సోమవారం పొద్దున్నే ఆమె కారు తీసుకుని, బళ్లకు స్ప్రింగులు వేసే మేస్త్రి షెడ్డుకు వెళ్లింది. ఆయన భర్తకు స్నేహితుడు. గోడ పొడుగునా ఇనుప కడ్డీలకు, గాజుల కొట్లో గాజుల్లా స్ప్రింగులు గుచ్చి ఉంటాయి. మనిషి భారీగా ఉంటాడు, చేతులు పీటల్లా ఉంటాయి. ఆమె వచ్చిన పని విని ఆయనకు నవ్వొచ్చింది.

“కారు కిందికి దించమని వచ్చేవాళ్లంతా షోకిల్లా రాయుళ్లు చెల్లెమ్మా. బండి నేల నాకుతూ పోవాలంటారు. నీకెందుకొచ్చింది ఈ సరదా?”

ఆమె కుర్చీ సంగతి చెప్పింది, మోకాలి సంగతి చెప్పింది. తనకు సత్తువ తగ్గిందనీ, తన ఎత్తు ఎలాగూ పెరగదు కాబట్టి కారునే తగ్గించాలనీ చెప్పింది. ఆయన మళ్లీ నవ్వలేదు. లైటు పట్టుకుని కారు కిందికి దూరాడు. కాసేపటికి బయటికొచ్చి, డిక్కీ తెరిచి లోపలికి చూశాడు.

“ఇందులో బావ సామానంతా ఏది?”

ఇచ్చేశామంది. భర్త పెద్దపెద్ద కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. డిక్కీలో కుర్చీకి చోటు వదిలి ఎప్పుడూ రెండు మిషన్లు, ఒక మోటార్ల పెట్టె, ఇద్దరు పడితే గానీ లేవని పనిముట్ల పెట్టె ఉండేవి. రెండో నెలలో మరిది దగ్గరుండి ఎవరి మిషన్లు వాళ్లకు చేర్చాడు. పనిముట్లు భర్తతో కలిసి పనిచేసినతను తీసుకెళ్లాడు. ఇప్పుడక్కడ పెట్టె కాళ్ల తుప్పు మరకలు నాలుగు మాత్రం మిగిలాయి.

“అదీ సంగతి,” అన్నాడు మేస్త్రి. “ఆ బరువు మొయ్యడానికే బావ నాచేత గట్టి స్ప్రింగులు వేయించుకున్నాడు. బరువు తియ్యగానే అవి లేచి నిలబడ్డాయి. నువ్వేం నీరసపడలేదు చెల్లెమ్మా. బండే లేచింది.”

ఆమె ఆ నాలుగు మరకలకేసి చూస్తూ ఉండిపోయింది. ఆయన ఏదో పని ఉన్నట్టుగా కడ్డీల దగ్గరికి వెళ్లి మూడు జతలు తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొద్దిగా దించుతుంది, ఒకటి ఇంకాస్త, మూడోది బాగా. తక్కువ దించితే చక్రాలు అందవు. ఎక్కువ దించితే మనుషులెక్కినప్పుడు కారు కడుపు నేలకు రాసుకుంటుంది. కొందరు ఉన్న స్ప్రింగునే రెండు చుట్లు కోసి పారేస్తారట. ఆ పని మాత్రం తన షెడ్డులో జరగదన్నాడు. ఎంత దించాలో నువ్వే చెప్పమన్నాడు.

“ఆయన ఉన్నప్పుడు ఎంతుండేదో అంత,” అంది.

అదెంతో ఇద్దరికీ తెలియదు.

ఇంటికొచ్చి కారు వెనక్కి పెడుతుంటే ఆమెకు గోడ గుర్తొచ్చింది. భర్తకు ఒక పాడు అలవాటు ఉండేది. కారు వెనక్కి పెట్టేటప్పుడు బంపరు గోడకు తగిలేదాకా ఆగేవాడు కాదు. గోడే నా బ్రేకు అనేవాడు. సున్నం మీద ఆ రాపిడికి నల్లటి గీత పడింది. ఆ గీత మీద ఆమె ఆయన్ని ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. ఇప్పుడు తనే కారును గోడకు తగిలించి, దిగి చూసింది. బంపరు గీతకు పైన ఉంది. మధ్యలో నాలుగు వేళ్లు కలిపి పెడితే సరిగ్గా పట్టాయి.

మేస్త్రికి ఫోను చేసింది. “బెత్తెడు దించాలి అన్నయ్యా.”

ఆ గురువారం క్లినిక్ తప్పిపోయింది. శుక్రవారం ఆయన మూడో జత బిగించి ఇచ్చాడు. వెనక దిగితే ముందు లైట్లు ఆకాశం చూస్తాయని వాటిని కూడా సరిచేశాడు. కుర్చీ మోకాలితో పని లేకుండానే లోపలికి పోయింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అత్తగారిని ఎక్కించుకుని వీధి చివరిదాకా వెళ్లొద్దామని బయలుదేరింది. గేటు దగ్గరి మిట్ట దాటుతుంటే కింద గర్రుమని శబ్దం.

“ఏమే, ఇల్లు కూడా ఈడ్చుకొస్తున్నావా?” అంది అత్తగారు.

శనివారం మళ్లీ షెడ్డుకు వెళ్లింది. మేస్త్రి కారు కింద కొత్త గీత చూసి తల గోక్కున్నాడు. చెప్పినట్టే బెత్తెడు దించానంటూ నాలుగు వేళ్లు చక్రం పైన పెట్టి చూపించాడు. ఆమె ఆ చేతినే చూస్తోంది. తన చెయ్యి తీసుకెళ్లి పక్కన పెట్టింది. ఆమె నాలుగు వేళ్లూ ఆయన మూడో వేలు దగ్గరే అయిపోయాయి.

ఆయన తన చెయ్యి వెనక్కి తీసుకుని తిప్పి చూసుకున్నాడు.

“ముప్పై ఏళ్లుగా లోకంలో నాదొక్కటే బెత్తెడనుకున్నాను,” అన్నాడు మేస్త్రి.

“నా చేతి బెత్తెడని చెప్పాల్సింది నేనే,” అంది ఆమె.

ఆయన మూడో జత విప్పి రెండో జత వేశాడు. లైట్లు మళ్లీ సరిచేశాడు. సాయంత్రం ఆమె ఇంటికొచ్చి కారు నెమ్మదిగా వెనక్కి తీసింది. బంపరు గోడకు తగిలింది. దిగి వంగి చూస్తే, గీత మీదే ఉంది. ఎప్పట్లా దెప్పడానికి నోట్లోకి వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. తాళం తీసుకుని ఇంట్లోకి వెళ్లి, వండుకున్నది కూర్చుని తిన్నది.

ఆదివారం మరిది, కారు చూసే ఆయనతో వచ్చాడు. ఆయన చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, నడిపి చూస్తానని తాళం అడిగాడు. ఆమె తాళం ఇవ్వలేదు. లోపల్నుంచి కుర్చీ తెచ్చి మడిచింది. చిన్న చక్రాలు అంచు మీద ఆనించింది, మోకాలు పెట్టింది, తోసింది. కుర్చీ లోపలికి పోయింది. చూసింది నిజమో కాదో అని వాళ్లు అనుకుంటారేమోనని, బయటికి లాగి ఇంకోసారి పెట్టింది.

మరిది కుర్చీకేసి చూశాడు, వదిన మోకాలి కింద పట్టీకేసి చూశాడు. వచ్చినాయన భుజం మీద చెయ్యి వేసి, శ్రమ ఇచ్చానని చెప్పుకుంటూ గేటుదాకా సాగనంపాడు.

కసరత్తుల పుణ్యమా అని గుమ్మంలో గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డ అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. స్ప్రింగుల సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

“నిన్న రాత్రి తిన్నట్టున్నావే,” అంది.

“తిన్నానత్తయ్యా,” అంది ఆమె డిక్కీ మూస్తూ.