చచ్చిన ఏనుగుదే

ప్రొద్దుటూరులో మాది బంగారు అంగడి. మా ఇంట్లో పెళ్లికూతురికి మొదటి బొట్టు దంతపు భరిణెలోని కుంకుమతోనే పెట్టాలి. దాన్ని మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఆమె మంచాన పడిన ఏడు, బీరువా సర్దుతూ నేనే దాన్ని జారవిడిచి పగలగొట్టాను. అపశకునమని ఆ బెంగతోనే పోతుందేమోనని భయపడి చెప్పలేదు.

జమ్మలమడుగులో ఒకాయన దగ్గర దంతం దొరుకుతుందని విని పోయాను. "ఏం భయపడాకప్పా, చచ్చిన ఏనుగుదే" అన్నాడు. ఎట్లా చచ్చిందని నేను అడగలేదు. పైగా ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని నవ్వుతూ బేరమాడాను. అచ్చం పాతదాని లాగే భరిణె చేయించాను. కొత్త దంతం తెల్లగా ఉంటుంది, ఏళ్లు గడిస్తేనే పసుపు తిరుగుతుంది. అందుకని రెండు రోజులు టీ డికాషన్‌లో నానబెట్టాను. అంగడికి ఎవరైనా పూత నగ తెస్తే గీటురాయి మీద పట్టుకుని నలుగురిలో తిట్టేవాణ్ణి నేనే.

అమ్మ మూత తిప్పి చూసింది. "ఇంత బిగుతుగా ఉండ్లేదే" అంది. పోయేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న మా కూతురికి పులివెందుల సంబంధం కుదిరింది. భరిణె బయటికి తీసిన రోజే పిల్ల ఫోన్‌లో ఏదో చూపించింది. దంతాలు కుప్పపోసి కాలుస్తున్నారు.

"దంతం అమ్మకానికి దేశం దాటకూడదని ప్రభుత్వాలన్నీ ఎప్పుడో ఒప్పందం రాసుకున్న్యాయి నాయనా. కొన్ని దేశాల్లో పట్టుకున్న సరుకును సర్కారోళ్లే తగలబెడతాండారు. మన దేశంలోనూ కొనకూడదు, అమ్మకూడదు."

అయ్యో, ఎంత సరుకు బూడిదైపోతోంది అనిపించింది మొదట. వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆ తర్వాతే మా భరిణె గుర్తొచ్చింది.

పిల్ల భరిణెను వెలుతురుకు పట్టి చూసింది. "శానా పాతది, ఎంత పసుపు తిరిగిందో సూడు. అవ్వది కాబట్టి మన తప్పేం లేదు. వారసత్వంగా వచ్చిందని అటవీ శాఖకు అర్జీ పెడదాం." అర్జీ తనే రాసి, పెన్ను నా చేతికిచ్చింది.

సంతకం పెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ పెన్ను పక్కన పెట్టేశాను.

"అది టీ రంగు బిడ్డా" అన్నాను. అంతా చెప్పేశాను.

"అవ్వకు తెల్సా?" అంది పిల్ల.

"తెలిసే పోయిందనుకుంటా."

భరిణెలోని కుంకుమను స్టీలు గిన్నెలోకి వంచింది. తన బొట్టుకు ఆ గిన్నె చాలంది. అర్జీ చించేసి, అటవీ శాఖకు ఉన్నదున్నట్టు రాయమని ఇంకో తెల్లకాగితం నా ముందు పెట్టింది.

'ఇది మా అమ్మది కాదు' అని రాసి ఆగాను.

"మరి ఎవురిది?" అంది, పక్కనుంచి చదువుతూ.

'ఏనుగుది' అని రాశాను.